సాక్షి లేని చోట సాక్ష్యము

“సాక్షి” యను మాటలోనే కన్ను దాగియున్నది. తన కంటితో చూచినవాడు సాక్షి. గట్టు తగవునకు ఇరుగుపొరుగు రైతులు సాక్షులు. అప్పుపత్రమునకు దానిపై సంతకము చేసినవారు సాక్షులు. సంతలో జరిగిన కొట్లాటకు సంతయంతయు సాక్షియే. కాని చూచువారు లేని చోటును, వేళను ఏరుకొని చేయబడు నేరమొకటి కలదు. అది స్త్రీపై జరుగు అత్యాచారము. అందు చేసినవాడు చేయలేదనును, బాధపడినది జరిగినదనును. మూడవవాడు లేడు. ఈ రెండు మాటలలో ఏది నిజమో తేల్చవలసిన న్యాయాధిపతి దేనిని తూనికరాయిగా పెట్టుకొనవలెను?

ఈ చిక్కు మన పూర్వులకు తెలియనిది కాదు. సామాన్యమైన వ్యవహారములకు ముగ్గురికి తక్కువ కాకుండ సాక్షులుండవలెనని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. ఎట్టివారు సాక్షులుగా పనికిరారో వారి పట్టికయు ఇచ్చినది. అయినను స్త్రీసంగ్రహణము, దొంగతనము, పారుష్యము, సాహసము అను వాని విషయమున ఆ నియమమును సడలించి, ఎవరైనను సాక్షి కావచ్చునని చెప్పినది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరా వ్యాఖ్యనే 13వ శతాబ్దిలో కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలో పెట్టెను. స్మృతికారుల నాటి స్త్రీ వేరు, నేటి స్త్రీ వేరు. వారి తీర్పులన్నియు మనకు శిరోధార్యములు కావు. కాని చాటున జరిగిన నేరమునకు, పదిమందిలో జరిగిన వ్యవహారమునకు ఒకే కొలత పెట్టరాదను వివేకము మాత్రము అంత పాతది. ఆధునిక న్యాయస్థానములు ఆ వివేకమును తిరిగి సంపాదించుకొనుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

పరీక్ష వ్రాసిన బాలిక

1984 మార్చి 30వ తేదీ. పంజాబు రాష్ట్రమున లూధియానా జిల్లా. పదునారేండ్లు నిండని ఒక పల్లెటూరి బాలిక మెట్రిక్యులేషను పరీక్షలు వ్రాయుచున్నది. ఆనాడు భూగోళశాస్త్ర పరీక్ష ముగించుకొని ఆమె మేనమామ ఇంటికి నడచిపోవుచుండగా ఒక కారు వచ్చి ఆగినది. అందులోని యువకులు ఆమెను బలవంతముగా ఎక్కించుకొని, చంపుదుమని బెదిరించి, పొలములోని ఒక పంపుసెట్టు గదికి తీసికొనిపోయిరి. ఆ రాత్రి ఆమెపై అత్యాచారము జరిగినది. తెల్లవారిన పిదప ఎక్కించుకొన్న చోటికి సమీపముననే ఆమెను దించి వెడలిపోయిరి.

ఆ దినమున ఆరోగ్యశాస్త్ర పరీక్ష కలదు. ఆ బాలిక తిన్నగా పరీక్షాకేంద్రమునకు పోయి పరీక్ష వ్రాసెను. మధ్యాహ్నము ఇల్లు చేరి తల్లితో చెప్పుకొనెను. తండ్రి సాయంకాలమునకు గాని ఇంటికి రాలేదు. ఆయన గ్రామ సర్పంచితో మొరపెట్టుకొనగా పంచాయతీ కూడినది. రాజీ ప్రయత్నములు జరిగినవి, ఫలింపలేదు. తుదకు పోలీసులకు ఫిర్యాదు అందినది. వైద్యపరీక్షయు అటుపిమ్మటనే జరిగినది.

లూధియానాలోని ప్రత్యేక న్యాయస్థానము 1985లో నిందితులను విడుదల చేసినది. అందుకు చెప్పిన కారణములు చదువదగినవి. ఆమె కారును గూర్చి చెప్పినది గాని అది ఫియటో, అంబాసిడరో తెలుపలేకపోయినది. దారిలో కేకలు వేయలేదు. మరునాడు పరీక్షాకేంద్రమున ఉపాధ్యాయినులు ఉండియు, వారితో చెప్పలేదు. ఫిర్యాదు ఆలస్యమైనది. వైద్యురాలు జాగ్రత్తగా ఆచితూచి చెప్పిన మాటలను సైతము ఆమెకు ప్రతికూలముగా చదివి, ఆ బాలిక నడతనే శంకించుచు తీర్పు వ్రాయబడినది.

ఇచ్చట ఉపాధ్యాయులు ఒక నిమిషమాగి ఆలోచింపవలెను. పదవ తరగతి పరీక్ష యనగా పల్లెటూరి ఆడపిల్లకు ఎట్టిదో వారికి తెలిసినంతగా మరెవ్వరికి తెలియును? సంవత్సరమంతయు కాచుకొన్న పరీక్ష అది. తప్పినచో చదువు మానిపింతురేమోనను భయమొకటి. చెప్పినచో లోకమేమనునో యను భయము మరియొకటి. తల్లి ఒడిలో చెప్పుకొనవలసిన మాటను ముక్కుమొగమెరుగని పర్యవేక్షకురాలి ముందు, నూరుగురు తోటి విద్యార్థినుల నడుమ, ప్రశ్నాపత్రము పంచు వేళ ఆ పిల్ల ఎట్లు చెప్పగలదు?

1996 జనవరి 16వ తేదీన సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసినది. పంజాబు రాష్ట్రము–గుర్మీత్ సింగు కేసని న్యాయవాదులు పిలుచు ఈ తీర్పును వ్రాసినవారు న్యాయమూర్తి ఎ. ఎస్. ఆనంద్. కింది న్యాయస్థానము దోషములుగా ఎంచిన వాని నన్నిటిని ఆయన ఒక్కొక్కటిగా పరిశీలించెను. పల్లెటూరి బాలిక కారు తయారీ భేదములు ఎరుగకపోవుటకును, ఆమె చెప్పిన నేరమునకును సంబంధము లేదు. ఉపాధ్యాయినులతో చెప్పక తల్లితో చెప్పుట మిక్కిలి సహజము. కుటుంబగౌరవమునకు జంకి పోలీసులకడకు పోవుటకు తటపటాయించుట అబద్ధమునకు గుర్తు కాదు. వైద్య, రసాయన పరీక్షల ఆధారములు ఆమె మాటను బలపరచుచున్నవే గాని తోసివేయుట లేదు. నిందితులకు ఐదేండ్ల కఠిన కారాగారశిక్ష పడినది. నేరము జరిగిన నాటికి, ఈ తీర్పు వెలువడిన నాటికి నడుమ పండ్రెండేండ్లకు కొంచెము తక్కువ కాలము గడచిపోయినది.

ఈ తీర్పులోని ముఖ్యసూత్రమును విద్యార్థులు సైతము సులువుగా గ్రహింపవచ్చును. బాధితురాలి సాక్ష్యము నమ్మదగినదైనచో, దానికి మరియొక సాక్ష్యము తోడు లేకున్నను, దాని మీదనే శిక్ష విధింపవచ్చును. ఏ కారణముచేతనైనను న్యాయాధిపతి మనసునకు అది పూర్తిగా ఆనకున్నచో ఆ మాటకు కొంత ఊతమిచ్చు ఆధారము వెదకుకొనవలెను. అంతేగాని నేరములో పాలుపంచుకొన్నవాని సాక్ష్యమునకు వలె ప్రతి మాటకు వేరు రుజువు కోరరాదు.

అనుమానమునకు గల వంశావళి

నేరములో పాలుపంచుకొన్నవానితో పోలిక ఎందుకు వచ్చినదని పాఠకులు ప్రశ్నింపవచ్చును. దానికొక చరిత్ర కలదు. 17వ శతాబ్దిలో ఇంగ్లండున సర్ మాథ్యూ హేల్ అను ప్రసిద్ధ న్యాయమూర్తి యుండెను. ఈ నేరము మోపుట సులభము, రుజువుపరచుట కష్టము, నిర్దోషి తన్ను తాను కాపాడుకొనుట మరింత కష్టమని ఆయన వ్రాసియుంచెను. ఆయన 1676లో మరణించెను. ఆ గ్రంథము 1736లో గాని అచ్చుకాలేదు. అటుపిమ్మట ఆ మాట తరతరముల న్యాయమూర్తులకు కంఠపాఠమైనది. స్త్రీ చెప్పిన మాటకు వేరు రుజువు లేనిదే నమ్ముట ప్రమాదమని జూరీలను హెచ్చరించుట అచ్చట ఆచారమై, విధియై, 1994లో పార్లమెంటు చట్టము చేయువరకు నిలిచినది.

మన దేశమున 1872 నాటి సాక్ష్య చట్టము ఈ విషయమున ఒకచేత ఇచ్చి మరియొకచేత తీసికొనినది. ఏ సంగతి రుజువునకైనను ఇంతమంది సాక్షులు ఉండితీరవలెనన్న నిర్బంధము లేదని 134వ సెక్షను స్పష్టముగా చెప్పినది. కాని 155వ సెక్షనులోని నాలుగవ ఖండము, అత్యాచారము జరిగినదని చెప్పు స్త్రీ సాధారణముగా దుర్నీతిపరురాలని చూపి ఆమె మాట విలువను తగ్గించుటకు నిందితునికి వీలు కల్పించినది. దొంగతనము కేసులో సొత్తు పోగొట్టుకొన్నవాని పూర్వచరిత్రను ఎవ్వరును అడుగరు. ఈ ఒక్క నేరములో మాత్రము విచారణ బోను నిందితునికి గాక బాధితురాలికి అమర్చినట్లయినది. ఆ ఖండము 2003లో గాని చట్టమునుండి తొలగలేదు.

స్వతంత్రము వచ్చిన కొత్తలోనే సుప్రీంకోర్టు ఎదుటికి ఈ ప్రశ్న వచ్చినది. రాజస్థానమున ఎనిమిదేండ్ల పసిపిల్లపై అత్యాచారము జరిగినది. పిల్ల చెప్పినది నిజమేయని మనసునకు తోచుచున్నను, వేరు రుజువు లేనందున చట్టప్రకారము శిక్షింప వీలులేదని సెషన్సు జడ్జి నిందితుని విడిచిపెట్టెను. హైకోర్టు ఆ విడుదలను రద్దుచేసినది. 1951 డిసెంబరులో వెలువడి 1952 నాటి తీర్పుల సంపుటమున చోటుచేసికొన్న రామేశ్వర్ కేసు తీర్పులో న్యాయమూర్తి వివియన్ బోస్ ఈ చిక్కుముడిని విప్పెను. వేరు రుజువు ఉండితీరవలెనని చట్టమున ఎచ్చటను లేదు. అది వివేకమునకు సంబంధించిన హెచ్చరిక మాత్రమే. ఆ హెచ్చరికను న్యాయాధిపతి మనసున ఉంచుకొనవలెను. కేసు స్వభావమును బట్టి రుజువు లేకుండనే శిక్షింపవచ్చును. మరియు ఆ పసిపిల్ల కొద్ది గంటలలోనే తల్లితో చెప్పిన మాట, తల్లి నోట న్యాయస్థానమునకు వచ్చినప్పుడు, అదియే బలపరచు సాక్ష్యమగునని ఆయన నిర్ణయించెను.

1957లో వడివేలు తేవర్ కేసున సుప్రీంకోర్టు సాక్షులను మూడు తెగలుగా విభజించినది. పూర్తిగా నమ్మదగినవారు మొదటి తెగ. వీరిలో ఒక్కరు చాలును. ఎంతమాత్రము నమ్మరానివారు రెండవ తెగ. వీరు ఎందరున్నను వ్యర్థము. ఇటునటు కానివారు మూడవ తెగ. వీరి మాటకే ఇతరాధారము వెదకవలెను. అది హత్యకేసే యైనను, సాక్ష్యమును లెక్కపెట్టరాదు, తూచవలెనను ఆ సూత్రము అన్ని కేసులకును వర్తించినది.

గాయము లేకున్నంత మాత్రమున

ఇన్ని మంచి సూత్రములు పుస్తకములలో ఉండగనే 1978లో ఒక విపరీతము జరిగినది. మహారాష్ట్రలోని చంద్రపూరు జిల్లాలో 1972 మార్చి 26వ తేదీ రాత్రి ఒక ఆదివాసి బాలికను, పోలీసుస్టేషనులోనే, అచ్చటి పోలీసులు చెరచిరని అభియోగము. కింది న్యాయస్థానము నిందితులను విడిచినది, హైకోర్టు శిక్షించినది, సుప్రీంకోర్టు మరల విడిచిపెట్టినది. ఆమె దేహముపై గాయములు లేవు కావున ఆమె ఎదిరింపలేదనియు, ఎదిరింపలేదు కావున సమ్మతించినదనియు ఆ తీర్పు తర్కించినది.

1979లో ఉపేంద్ర బక్షి, వసుధా ధగమ్వార్, రఘునాథ్ కేల్కర్, లోతికా సర్కార్ అను నలుగురు న్యాయశాస్త్రాధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగలేఖ వ్రాసిరి. లొంగిపోవుట వేరు, అంగీకరించుట వేరు అని వారి వాదము. చుట్టును పోలీసులే యుండగా, రాత్రివేళ, అన్నను, వెంట వచ్చినవారిని వెలుపల నిలిపి తన్ను లోన నిలిపిన వేళ, ఒక పేద బాలిక పెనుగులాడి గాయములు తెచ్చుకొననందున సమ్మతించినదనుట ఏ లోకములోని తర్కమని దేశమంతట స్త్రీలు వీధులకెక్కి అడిగిరి.

అదే 1978లో హైదరాబాదులో నల్లకుంట పోలీసుస్టేషనునందు జరిగిన ఘోరము తెలుగుదేశమును కుదిపివేసినది. ఒక వివాహితపై పోలీసులు అత్యాచారము చేసిరనియు, అడ్డువచ్చిన ఆమె భర్త దెబ్బలకు మరణించెననియు ఆరోపణలు రాగా నగరము అట్టుడికిపోయినది. జస్టిస్ ముక్తదర్ విచారణ సంఘము పోలీసులను తప్పుపట్టినది. కాని విచారణ కర్ణాటకలోని రాయచూరునకు మారి, అచ్చట నిందితులందరు విడుదలైరి.

ఈ ఆందోళనల ఫలితముగా 1983లో చట్టము మారినది. పోలీసులు మొదలగు అధికారముగలవారు తమ అధీనములోనున్న స్త్రీపై చేసిన నేరములలో, కలయిక రుజువైన పిదప, తాను సమ్మతింపలేదని ఆమె చెప్పినచో సమ్మతి లేనట్లే న్యాయస్థానము భావింపవలెనని కొత్త సెక్షను చేరినది. బాధితురాలి పేరు ప్రకటించుటయు నేరమైనది. 2013లో మరియొక అడుగు పడినది. దేహముతో ఎదిరింపలేదన్న ఒక్క కారణముచేత స్త్రీ సమ్మతించినదని ఎంచరాదని చట్టములోనే వ్రాయబడినది. నలుగురు ఉపాధ్యాయులు లేఖలో అడిగినదానికి శాసనము రూపమున సమాధానము వచ్చుటకు 34 ఏండ్లు పట్టినది.

వైద్యుడు చెప్పగలది, చెప్పలేనిది

వైద్యుని నివేదిక యనగానే జనసామాన్యమునకు అది తిరుగులేని రుజువని భ్రమ. అత్యాచారము చట్టములోని మాట. రోగము పేరు కాదు. “ఈమెపై అత్యాచారము జరిగినది” అని గాని, “జరుగలేదు” అని గాని చెప్పుట వైద్యుని పని కాదు. ఈ సంగతిని సుప్రీంకోర్టు 1992లో మదన్ గోపాల్ కక్కడ్ కేసున స్పష్టపరచినది. దేహముపై గాయములున్నవా, అవి ఎంతకాలము నాటివి, ఇటీవలి కలయికకు చిహ్నములున్నవా, బట్టలపై, దేహముపై పరాయి మనుష్యుని వీర్యము, వెండ్రుక, రక్తము దొరకినవా, ఆమె వయస్సు ఎంతయుండవచ్చును — ఇవి వైద్యుడు చెప్పగల సంగతులు. ఆమె సమ్మతించినదా, ఆమె నిజము చెప్పుచున్నదా — ఇవి న్యాయాధిపతి తేల్చవలసినవి.

గాయములు లేకపోవుటకు కారణములు పెక్కు. కత్తి చూపిన వేళ మనుష్యుడు కొయ్యబారిపోవును. మత్తు త్రాగించినచో పెనుగులాటయే యుండదు. చిన్న గాయములు దినముల వ్యవధిలో మానిపోవును. ఇక వీర్యాది చిహ్నములు మూడునాలుగు దినములలో క్రమముగా నశించును. స్నానముచేయుట, బట్టలు ఉతుకుట వానిని ఇంకను త్వరగా చెరిపివేయును. మన ఇండ్లలో మొట్టమొదట జరుగునది ఆ రెండే. పిల్లకు స్నానము చేయించి, బట్టలు మార్పించి, పెద్దలు కూర్చుండి పోలీసులకు చెప్పుదమా మానుదమా యని తర్కించుచుండగా శాస్త్రమునకు అందవలసిన ఆధారము నీళ్లలో కలిసిపోవును. తుడిచిన నల్లబల్లను చూచి తరగతిలో పాఠమే జరుగలేదని ఏ తనిఖీ అధికారియు చెప్పజాలడు. తుడిచిన దేహమును చూచి నేరమే జరుగలేదనుటయు అట్టిదే.

అందువలననే వైద్యసాక్ష్యము సాధారణముగా బలపరచునదే గాని నిర్ణయించునది కాదని న్యాయస్థానముల మతము. కన్నవారు, విన్నవారు, అనుభవించినవారు చెప్పిన మాటకును, వైద్యుని అభిప్రాయమునకును పొత్తు కుదరనప్పుడు ఏది నిలుచును? అట్లు జరుగుటకు ఎంతమాత్రము వీలులేదని వైద్యశాస్త్రము రూఢిగా త్రోసిపుచ్చిననే తప్ప ప్రత్యక్షసాక్ష్యమును విడువరాదని సుప్రీంకోర్టు 1983లో ఒక గుజరాతు కేసున చెప్పినది. “జరిగియుండవచ్చును”, “కాదని చెప్పలేము” అను వైద్యుల పలుకులు శాస్త్రజ్ఞునికి సహజమైన జాగ్రత్తను తెలుపును. అవి అనుమానమునకు పర్యాయపదములు కావు.

శాస్త్రము పేర జరిగిన అపచారమొకటి కూడ చెప్పవలసియున్నది. బాధితురాలికి పూర్వము కలయిక అలవాటున్నదా యని వ్రేళ్లతో పరీక్షించి వ్రాయు పద్ధతి మన ఆసుపత్రులలో దశాబ్దములు సాగినది. అది శాస్త్రీయమును కాదు. తెలిసినను ఆ సంగతి కేసునకు అక్కరలేదు. ఏలన, సమ్మతి ప్రతిసారి వేరుగా కావలసినది. నిన్నటి జీవితము నేటి నేరమునకు అనుమతి కానేరదు. ఆ పరీక్ష బాధితురాలి మర్యాదకు, ఏకాంత హక్కునకు భంగకరమని సుప్రీంకోర్టు 2013లో చెప్పినది. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2014లో జారీచేసిన మార్గదర్శకములు దానిని నిషేధించినవి. అయినను అది ఆగనందున 2022 అక్టోబరు 31వ తేదీన న్యాయమూర్తులు డి. వై. చంద్రచూడ్, హిమా కోహ్లీ, ఇట్టి పరీక్ష చేయువారు తప్పుచేసినవారగుదురని హెచ్చరించి, వైద్యవిద్యార్థుల పాఠ్యక్రమమునుండి కూడ దానిని తొలగింపవలెనని ఆదేశించిరి.

రెండవ తట్ట

త్రాసునకు రెండు తట్టలు. నిందితుడు నిర్దోషి కావచ్చునను భావనతోనే విచారణ ఆరంభము కావలెను; సహేతుకమైన సందేహమునకు తావులేకుండ నేరము రుజువుకావలెను. ఈ సూత్రము ఈ నేరములలోను చెక్కుచెదరలేదు. అబద్ధపు అభియోగము నిర్దోషికి అవమానమును, దుఃఖమును తెచ్చునని, బాధితురాలి మాటయంతయు ఎల్లప్పుడు అక్షరాల నిజమేయని ముందుగనే భావింపరాదని సుప్రీంకోర్టు 2008లో హెచ్చరించినది. ఒక్క సాక్ష్యము మీదనే శిక్షింపవలసినప్పుడు ఆ సాక్ష్యము మేలిమి బంగారము వలె ఉండవలెనని 2012లో రాయ్ సందీప్ కేసున చెప్పినది. మొదటి ఫిర్యాదు మొదలు అడ్డుప్రశ్నల వరకు కథ మూలము మారరాదు. ఇతర ఆధారములతో పొసగవలెను. వైద్యశాస్త్రము కూడ రెండు వైపుల పనిచేయును. నేరస్థుని పట్టియిచ్చు డి. ఎన్. ఎ. పరీక్షయే నిర్దోషిని విడిపించుటకును ఉపయోగపడును.

మరి సాక్ష్యములో తేడాలు కనబడినచో? పరీక్షాపత్రములు దిద్దు ఉపాధ్యాయునికి ఇది తెలిసిన విద్యయే. లెక్క చేసిన విధానము సరియైనదై ఒకచోట అంకె జారినచో ఆయన సున్న వేయడు. విధానమే తప్పైనచో చేతివ్రాత ముత్యములవలె నున్నను మార్కులు ఇయ్యడు. అంచున కలుగు తేడా వేరు, నడుమ కలుగు తేడా వేరు. 1983లో భర్వాడా భోగిన్‌భాయి కేసున న్యాయమూర్తి ఎం. పి. ఠక్కర్ ఈ విషయమును చక్కగా వివరించెను. మనుష్యుని జ్ఞాపకము ఫొటో యంత్రము కాదు. ఆకస్మికముగా మీదపడిన ఘటనలో ప్రతి వివరమును మనసు పట్టుకొనజాలదు. ఒకరు గమనించినది మరియొకరు గమనింపరు. గడియారము చూడనివారు చెప్పు కాలము ఊహయే. న్యాయస్థానపు వాతావరణము, అడ్డుప్రశ్నల ఉరవడి సత్యవంతుని కూడ తడబరచును. రుజువు లేదని బాధితురాలి మాటను త్రోసివేయుట పుండుమీద కారము చల్లుటయేయని ఆ తీర్పు తాత్పర్యము.

అయితే ఆ తీర్పులోనే, భారతీయ స్త్రీ పరువునకు వెరచి ఇట్టి అబద్ధము చెప్పదను వాదమొకటి కూడ ఉన్నది. దానిపై విమర్శ లేకపోలేదు. స్త్రీ మాటను నమ్మవలసినది ఆమె ఏ దేశస్థురాలో, ఎంతటి పరువుగలదో చూచి కాదు. ఆ మాట తనంతట తాను నిలుచుచున్నదా యని చూచి. పరువును కొలతగా పెట్టుకొన్ననాడు పరువులేనిదని లోకము వెలివేసిన స్త్రీకి న్యాయమే లేకుండపోవును.

బడి వాకిట

2024 జూలై 1వ తేదీనుండి దేశమున కొత్త చట్టములు అమలులోనికి వచ్చినవి. 1872 నాటి సాక్ష్య చట్టము స్థానమున భారతీయ సాక్ష్య అధినియమము వచ్చినను, ఇంతమంది సాక్షులు కావలెనన్న నిర్బంధము లేదను పాత సూత్రము అందు పదిలముగా నున్నది. భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, సమాచారము అందిన 24 గంటలలో బాధితురాలిని వైద్యపరీక్షకు పంపవలెను. ఆ పరీక్షకు ఆమె సమ్మతి ఉండవలెను. వైద్యుడు 7 దినములలో నివేదిక అందజేయవలెను. ప్రభుత్వ వైద్యశాల యైనను, ప్రైవేటు వైద్యశాల యైనను చికిత్స ఉచితముగా చేయవలసినదే.

బాలబాలికల విషయమున 2012 నాటి పోక్సో చట్టము మరికొంత రక్షణ కల్పించినది. బాలికను వైద్యురాలే పరీక్షింపవలెను; తల్లిదండ్రులు గాని, పిల్ల నమ్మిన మరియొకరు గాని దగ్గరనుండవలెను. సాక్ష్యము చెప్పు వేళ పిల్ల కంటికి నిందితుడు కనబడకుండ చూడవలెను. న్యాయవాదులు తమ ప్రశ్నలను న్యాయాధిపతికి అందజేయగా ఆయనయే పిల్లను అడుగును. పిల్ల స్వభావమును నిందించు ప్రశ్నలకు తావులేదు. నేరము జరిగినదని తెలిసినవారెవ్వరైనను పోలీసులకు తెలుపవలెను, తెలుపకుండుటయే శిక్షార్హము. ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయులు ఇందుకు మినహాయింపు కారు. బడి పేరు పోవునని, పిల్ల భవిష్యత్తు పాడగునని సంగతిని కప్పిపెట్టుటకు చట్టము ఒప్పుకొనదు. 1098 అను బాలల సహాయ టెలిఫోను సంఖ్య ప్రతి బడి గోడపైనను ఉండదగినది.

పిల్ల వచ్చి చెప్పినప్పుడు ఉపాధ్యాయుడు న్యాయాధిపతి కానక్కరలేదు. వైద్యుడు అంతకన్న కానక్కరలేదు. ఆదరముతో వినవలెను. పదిమంది ముందు, పదిసార్లు చెప్పింపరాదు. “నిజమేనా?” “అప్పుడే ఎందుకు చెప్పలేదు?” అని గద్దింపరాదు. పిల్ల పలికిన మాటలను పిల్ల పలికినట్లే, తేదీ వేళలతో వ్రాసియుంచి, ఆలస్యము చేయక తెలియజేయవలెను. రాజస్థానపు పసిపిల్ల తల్లితో వెంటనే చెప్పిన మాటయే కదా తరువాత న్యాయస్థానమున ఆమెకు తోడునిలిచినది! ఆనాడు వినిన తల్లి చెవి ఎంత పని చేసినదో, నేడు వినిన ఉపాధ్యాయుని చెవి అంత పని చేయగలదు.

పంజాబు బాలిక ఆరోగ్యశాస్త్ర పరీక్ష వ్రాసిన ఆ గదిలో ఉపాధ్యాయినులు ఉండిరి. ఆమె వారితో చెప్పలేదు. అది ఆమె తప్పు కాదని దేశములోని అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. కాని ఆ తీర్పు ఉపాధ్యాయలోకమునకు ఒక ప్రశ్నను మిగిల్చినది. అట్టి ఉదయమున, అట్టి పిల్ల, తల్లి దగ్గరకు పోవువరకు వేచియుండక, చెప్పుకొనదగిన మనిషి ఒకరు మన బడిలో ఉన్నారా? ఉన్నచో ఆధారములు నీళ్లపాలు కావు, ఫిర్యాదు ఆలస్యము కాదు, వైద్యునికి చూడవలసినది కనబడును. సాక్షి లేని చోట సాక్ష్యము అట్లు పుట్టుచున్నది.